కార్బెట్టు తూటాలు

హిమాలయముల పాదమున, కుమావూను కొండలు ముగిసి తరాయి అడవులు మొదలగు చోట, కాలాధుంగి యను చిన్న గ్రామము కలదు. 1880 తరువాతి శీతకాలములలో ఆ గ్రామపు పొలిమేర దాటి, పొదల చాటున ఒంటరిగా నడచిపోవు ఒక ఎనిమిదేండ్ల బాలుని పశులకాపరులు తఱచుగా చూచుచుండిరి. వాని చేత నున్న తుపాకి వానికి మించిన బరువు. దానికి గొట్టములు రెండు గాని, అందులో ఒకటి చీలిపోయినది. మడమ విఱిగినందున ఇత్తడి తీగతో గొట్టములకు బిగించి కట్టిరి. మూతివైపునుండి మందు దట్టించి, గుడ్డపీలికలు కుక్కి, గుండ్లు జాఱవిడిచి పేల్చవలసిన పాతకాలపు సాధనము అది. ఒకమాఱు పేలిన పిమ్మట మఱల బారు చేయుటకు పట్టు కాలములో పులి మాట యట్లుండ, అడవిపంది సయితము మీదికి రాగలదు. కావున ఆ బాలుడు తుపాకి ఎత్తుటకు ముందు చాలసేపు చూచెడివాడు, చాలసేపు వినెడివాడు. ఉన్నది ఒకటే దెబ్బ. అది తప్పినచో రెండవది లేదు.

ఆ బాలుడే ఎడ్వర్డు జేమ్స్ కార్బెట్టు. లోకము జిమ్ కార్బెట్టు అని ఎఱిగినవాడు. నరభక్షకములైన పులులను వధించిన వీరుడుగా ఆయనను స్మరించువారు పెక్కుమంది. కాని ఆయన జీవితమును తూటాల వైపునుండి చూచినచో మఱొక కథ కనబడును. అడవిలో తన్ను తాను కాపాడుకొనుటకు మనుష్యుడు ఏ తూటాను ఎన్నుకొనవలెను, ఎన్ని వెంట తీసికొనిపోవలెను, ఎప్పుడు పేల్చక ఊరకుండవలెను అను ప్రశ్నలు ఆయనను డెబ్బది యేండ్లు వెంటాడినవి. ఆ ప్రశ్నలకు తప్పు సమాధానము చెప్పినప్పుడెల్ల ప్రాణము మీదికి వచ్చినది. అది కొన్ని వేళల తన ప్రాణము, పెక్కు వేళల ఇతరుల ప్రాణము.

కార్బెట్టు 1875 జూలై 25వ తేదీన నైనితాల్‌లో జన్మించెను. తండ్రి క్రిస్టఫర్ విలియం కార్బెట్టు ఆ ఊరి పోస్టుమాస్టరు. వేసవి నైనితాల్‌లోను, శీతకాలము కాలాధుంగిలోను గడపుట ఆ కుటుంబమునకు అలవాటు. 1881లో తండ్రి మరణించెను. అప్పటికి జిమ్‌కు ఆఱేండ్లు నిండలేదు. పెద్ద సంసారము, చిన్న రాబడి. అన్న టామ్ తండ్రి ఉద్యోగమున ప్రవేశించి ఇల్లు నడపెను. తల్లి మేరీ జేన్ ధైర్యశాలిని. అక్క మాగీ బాల్యమునుండి కడవఱకు తమ్మునికి తోడుగా నిలిచెను. అక్కయు తమ్ముడును ఇద్దఱును అవివాహితులుగనే జీవించిరి.

బాలుని తొలి ఆయుధము రబ్బరు ఉండేలు. పిమ్మట ఉండలు విసరు విల్లు, ఆ పిమ్మట అమ్ముల విల్లు. పైని చెప్పిన పగిలిన తుపాకి కుమావూను పక్షులను గూర్చి గ్రంథము రచించుచున్న ఒక పెద్దమనుష్యుడు పక్షులను సేకరించి తెచ్చుటకై ఇచ్చినది. మందునకును గుండ్లకును ధనము కావలెను. అది ఇంట కొఱత. అందువలన ఒక్క తూటా మందు వ్యర్థమగుట ఆ బాలునకు నిజమైన నష్టము. గ్రామీణుడైన కున్వర్ సింగ్ ఆతనికి అడవి అక్షరాలు దిద్దించిన గురువు. పక్షుల అఱపులనుబట్టి పులి నడక తెలిసికొనుట, గాలి వాటమునుబట్టి అడుగు వేయుట, చీలిన ఆకునుబట్టి జంతువు పోయిన కాలము లెక్కించుట ఆ బాలుడు వ్రాత నేర్చిన వయస్సుననే నేర్చెను. బీదతనము ఆతనికి పొదుపు నేర్పెను, పొదుపు చూపు నేర్పెను అనిన తప్పు కాదు.

పదేండ్ల వయస్సున నైనితాల్ వాలంటీరు దళమునకు చెందిన పాఠశాల శిక్షణలో చేరగా, ఆతని గుఱిని మెచ్చిన వారు 450 కాలిబరు మార్టిని తుపాకి నొకదానిని ఎరువుగా ఇచ్చిరి. ఈ అంకెల సంగతి ఇచట చెప్పుట మంచిది. తుపాకి పేరు ముందు నిలుచు సంఖ్య దాని గొట్టపు రంధ్రము అంగుళములో వేయింట ఎన్ని పాళ్లో తెలుపును. 500 అనగా అర అంగుళము. తూటా యనగా నాలుగు వస్తువుల కూర్పు: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు రగిల్చు చిన్న గిన్నె, లోపల మందు, మూతియందు గుండు. మార్టినిలో వెనుకనుండి ఒక్కొక్క తూటా పెట్టి పేల్చవలెను. దాని గుండు బరువైనది, వెనుదన్ను భుజమును నలగగొట్టునది. అందలి మందు పాతరకపుది. పేలగనే దట్టమైన తెల్లని పొగ క్రమ్మును.

ఆ పొగ ఎంత ప్రమాదకరమో బాలునకు మొదటి చిఱుతపులియే తెలిపెను. ఒకనాడు కాలాధుంగి అడవిలో బండపైన నిలిచిన చిఱుతను చూచి పేల్చగా, కన్నుల ముందు పొగ తప్ప మఱేమియు కనబడలేదు. ఆ పొగలోనుండియే చిఱుత ఆతని తల మీదుగా దుమికి పోయెను. బండమీదను, ఆతని వస్త్రములమీదను నెత్తురు చిందెను. గాయపడిన మృగము పొదలో నున్నది. తుపాకిలో ఒక్క తూటా. ఇంటికి పోవుటకు త్రోవ తెలియనివాడు కాడు. అయినను అతడు నెత్తుటి జాడ వెంబడి మెల్లగా నడచి, చిఱుత మఱల తన్ను కనుగొనకమునుపే దానిని కనుగొని రెండవ తూటాతో ముగించెను. గాయపఱచిన దానిని విడిచిపోరాదను నియమము ఆనాటినుండి ఆయన వేటకు మూలసూత్ర మాయెను. అది కేవలము దయ కాదు. ఆ నియమము తప్పినవారి మూలమున ఎందఱు మరణించిరో ఇరువది యేండ్ల పిమ్మట చంపావత్‌లో ఆయన స్వయముగా చూచెను.

ఈ నడుమ జీవనోపాధికై రైల్వేలో ప్రవేశించెను. బెంగాలు-నార్త్ వెస్టర్న్ రైల్వేలో ఇంధనమునకు సంబంధించిన చిన్న ఉద్యోగము మొదట. పిమ్మట గంగ యొడ్డున మొకామా ఘాట్‌లో ఒక రైలునుండి మఱియొక రైలునకు సరకు మార్పించు కాంట్రాక్టు. ఇరువది యేండ్లకు పైగా ఆయన అచట కూలీలతో కూలీయై శ్రమించెను. సెలవులలో మాత్రము కుమావూను కొండలకు వచ్చెడివాడు.

1907లో ప్రభుత్వము చంపావత్ ఆడుపులిని చంపుమని ఆయనను కోరెను. అది నేపాల దేశమున 200 మందిని చంపి, అచటివారు తఱుమగా సరిహద్దు దాటి వచ్చి, కుమావూనులో 236 మందిని చంపెను. మొత్తము 436. పని అంగీకరించుటకు ముందు కార్బెట్టు రెండు షరతులు పెట్టెను: ప్రకటించిన బహుమానము రద్దు చేయవలెను, అడవిలో తిరుగుచున్న ఇతర వేటగాండ్రను వెనుకకు పిలువవలెను. మొదటిది ధనమునకై చంపువాడను పేరు పడకుండుటకు. రెండవది ఎవరి తూటాయో వచ్చి తనకు తగులకుండుటకు. పులికంటె ప్రక్కవాని తుపాకికి ఎక్కువ వెఱచుట వివేకి లక్షణము.

చంపావత్ చేరునాటికి ఆయన చేత 500 కాలిబరు తుపాకియు, మూడే తూటాలును ఉండెను. పులిపై ఒకటి లేక రెండు దెబ్బలకు మించి అవకాశము దొరకదనియు, మూడవది ఆపదకు చాలుననియు ఆయన లెక్క. ఆ లెక్క కాగితముపై సరియైనదే. తహసీల్దారు సాయమున 298 మంది గ్రామస్థులు కొండ అంచున నిలిచి, డప్పులు కొట్టి, కేకలు వేసి, రాళ్లు దొర్లించి పులిని లోయలోనికి దింపిరి. పులి అనుకొన్న త్రోవను గాక వేఱొక త్రోవను పోవుచుండగా, దానిని మరలింపవలెనను ఆత్రమున కార్బెట్టు దూరమునుండి ఒక తూటా పేల్చెను. అది తగులలేదు. ఆపదకని దాచినది ఆ విధముగా ముందే పోయెను. పిమ్మట పులి దగ్గఱకు రాగా తక్కిన రెండును పేల్చెను. రెండును తగిలెను, పులి పడలేదు. పండ్లు ఇకిలించి పొదలో నిలిచి ఆయన వైపే చూచుచుండెను. తుపాకి వట్టిది.

ఆయన పరుగున తహసీల్దారు ఉన్న చోటికి పోయి, వారి చేతి తుపాకిని లాగికొని తిరిగి వచ్చెను. పులికి ఇరువది అడుగుల దూరమున నిలిచి తుపాకి ఎత్తిన పిమ్మట చూడగా, గొట్టములకును వెనుకటి బిగింపునకును నడుమ సుమారు అంగుళములో మూడవ వంతునకు మించిన సందు ఉండెను. పేల్చినచో మంట వెనుకకు వచ్చి కన్నులు పోవచ్చును. పేల్చకున్నచో పులి మీదికి రావచ్చును. ఆయన తెఱచిన పులి నోటికి గుఱి పెట్టి పేల్చెను. గుండు నోటికి తగులక ముందటి పంజాకు తగిలెను. అదృష్టవశమున మొదటి రెండు గాయములే పులిని అంతకుముందే తీసికొనిపోవుచుండెను. తల వాల్చి బండమీద పడిపోయెను.

మూడు తూటాల లెక్క ఎచట తప్పెను? సంఖ్యలో కాదు. ఆపద సమయమునకని ఉంచిన దానిని ఆపద రాకమునుపే వ్యయము చేయకుండ ఉండగలిగిన మనుష్యుడు అరుదు. కార్బెట్టంతటి వానికే చేయి ఆగలేదు. అడవికి పోవువాడు తన నిగ్రహమును గూర్చి గొప్పగా తలపోయక, అదనముగా తూటాలు కొంగున కట్టుకొని పోవుట క్షేమము.

ఆ సాయంకాలము మఱియొక సంగతి బయటపడెను. చచ్చిన పులి కుడివైపు కోఱలు పైదియు క్రిందిదియు విఱిగి యుండెను; ఒకటి సగమునకు, మఱొకటి ఎముక వఱకు. అది పాత తుపాకి దెబ్బ. ఏనాడో, ఎవడో ఒక వేటగాడు చాలని తూటాతోనో, చాలని గుఱితోనో పేల్చి, గాయపడిన దానిని వెంబడింపక ఇంటికి పోయెను. కోఱలు పోయిన పులి తన సహజమైన ఆహారమును చంపజాలక మనుష్యుని వైపు తిరిగెను. ఆ వేటగాని పేరు ఎవరికిని తెలియదు. ఆతనికి ఆనాడు ప్రమాదము తప్పియుండును. కాని ఆ ప్రమాదము నాలుగువందల ముప్పదియాఱు ఇండ్లకు పోయెను. తఱువాత కార్బెట్టు వధించిన నరభక్షకములలో పెక్కింటికి ఇట్టి కారణమే కనబడెను: ముండ్లపంది ముండ్లు గ్రుచ్చుకొని చీము పట్టిన పాదములు, లేక మానని తుపాకి గాయములు, లేక వార్ధక్యము.

చంపావత్ పులి వధకు గుర్తుగా సంయుక్త రాష్ట్రముల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ 1907లో కార్బెట్టునకు 275 కాలిబరు రిగ్బీ తుపాకిని బహూకరించెను. దాని మడమపై వెండి రేకు మీద ఆ సంగతి చెక్కబడి యున్నది. లండనులోని జాన్ రిగ్బీ సంస్థ జర్మను మౌజరు యంత్రముపై నిర్మించిన తుపాకి అది. గొట్టము 7 మిల్లీమీటర్లది. గుండు రకమును బట్టి 9 నుండి 11 గ్రాముల బరువు, అనగా మన తులమునకు కొంచెము తక్కువ. లోపలి పెట్టెలో అయిదు తూటాలు పట్టును. ఒకటి పేల్చిన పిమ్మట చేతి గడియను వెనుకకు లాగి ముందుకు త్రోయవలెను.

ఆయన వద్ద నున్న రెండవ ముఖ్యమైన తుపాకి 450/400 జెఫ్రీ. ఇది జోడు గొట్టములది. 450 కాలిబరు తొడుగును మూతివద్ద సన్నము చేసి 400 కాలిబరు గుండును అమర్చుటచేత దాని కీ జంట అంకె వచ్చినది. గుండు 26 గ్రాములు, అనగా రెండు తులములకు పైన. రిగ్బీ గుండుకంటె రెండు రెట్లకు మించిన బరువు. తుపాకి సుమారు పది పౌనులు తూగును. రెండు గొట్టములకును వేఱు వేఱు మీటలు ఉండుటచే ఒకటి మొరాయించినను రెండవది వెంటనే పేలును, గడియ లాగు చప్పుడు ఉండదు. కాని రెండు దెబ్బల పిమ్మట తుపాకి విఱిచి మఱల నింపవలెను.

ఏది మేలు? ఈ ప్రశ్నకు నేటికిని వేటగాండ్రు రెండు పక్షములై వాదింతురు. బరువైన గుండు ఎముకను విఱిచి లోనికి పోవును, మీదికి వచ్చు మృగమును నిలుపగలదు. తేలికైన గుండు వెనుదన్ను తక్కువగుటచే గుఱి కదలనీయదు, తుపాకి రోజంతయు మోయుటకు వీలగును. గుండు రకము కూడ ముఖ్యమే. మొన వద్ద సీసము మెత్తగా విడిచిన గుండు దేహములో విచ్చుకొని పెద్ద గాయము చేసి ఆగిపోవును. పులికి అది తగినది. నిండుగా గట్టి లోహపు తొడుగు గలది విచ్చుకొనక లోతుగా పోవును. ఆ కాలముననే ఆఫ్రికాలో బెల్ అను స్కాట్లండు వేటగాడు ఈ 275 తూటాలోనే గట్టి గుండును వాడి ఏనుగులను వందల కొలది కూల్చెను. తూటా పేరొకటే, గుండు వేఱు, పని వేఱు. అంకె చూచి తూటాను కొనువాడు పుస్తకము పేరు చూచి పరీక్షకు పోవు విద్యార్థి వంటివాడు.

కార్బెట్టు ఏ పక్షమునను చేరలేదు. దీర్ఘమైన నడకకు, కొండ ఎక్కుటకు రిగ్బీ. పులి దగ్గఱగా వచ్చునని తెలిసిన చోట జోడు గొట్టములది. 1910లో నాలుగువందల మందిని చంపిన పనార్ చిఱుతకై చీకటిలో చెట్టుపై కూర్చుండినపుడు ఈ రెండును గాక పలు గుండ్లు ఒకేమాఱు వెదజల్లు పండ్రెండు బోరు తుపాకిని తీసికొనెను. రాత్రి వేళ గుఱి కనబడదు కాబట్టి ఒక్క గుండును నమ్ముకొనరాదని ఆయన తలంచెను.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున 1917లో కుమావూను వాసులైన అయిదువందల మంది శ్రామికుల దళముతో ఫ్రాన్సునకు పోయెను. పిమ్మట వజీరిస్తాను సరిహద్దున పనిచేసి, మేజరు హోదాతో తిరిగివచ్చెను.

1918 నుండి 1926 వఱకు రుద్రప్రయాగ పరిసరములను ఒక చిఱుత భయకంపితము చేసెను. కేదారనాథ, బదరీనాథములకు పోవు యాత్రికుల మార్గ మది. చచ్చినవారు 125 మంది. 1921లోనే ఒక అధికారి గుండు దాని వెనుక పాదమునకు తగిలెను గాని, చిఱుత కుంటుచునే తప్పించుకొని మఱి అయిదేండ్లు మనుష్యులను చంపుచుండెను. బోనులు, ఇనుప ఉచ్చులు, విషము, మీటకు దారము కట్టిన తుపాకులు అన్నియు విఫలమయ్యెను. గాఢాంధకారమున గుఱి కనబడక కార్బెట్టును పలుమాఱులు ఓడిపోయెను. కడపట గోలాబ్రాయి యను చోట, మార్గము ప్రక్కనున్న మామిడిచెట్టుపై, పది రాత్రులు వరుసగా కాచి కూర్చుండెను. క్రింద మెడకు గంట కట్టిన మేక. రిగ్బీ గొట్టమునకు విద్యుద్దీపము బిగించెను. 1926 మే నెల మొదట ఒక రాత్రి గంట గలగలలాడగా దీపపు మీట నొక్కెను. క్షణకాలము వెలిగిన దీపము గుండు పేలగనే ఆరిపోయెను. తగిలినదో లేదో తెలియక తెల్లవాఱువఱకు ఆయన ఆ చెట్టుమీదనే కూర్చుండెను. ఉదయమున చూడగా, కొంత దూరమున ఒక గుంటలో చిఱుత పడియుండెను. ఎనిమిదేండ్లలో ఇన్ని ఉపాయములు చేయలేని పని ఒక తులమునకు తక్కువ బరువైన గుండు చేసెను. కాని అది చేయుటకు ఆ క్షణపు వెలుగు కావలసి వచ్చెను.

పెద్ద తుపాకుల వలన మేలే గాక కీడును ఆయన అనుభవించెను. 1929లో ఒక వేటయందు, ఏనుగుపై కూర్చున్నప్పుడు, చెవి ప్రక్కనే పేలిన పెద్ద తుపాకి మోతకు ఆయన కర్ణభేరి పగిలెను. లోపల చీము పట్టెను. తలయంతయు వాచి, ఒక కన్ను మూతపడిన స్థితిలో ఆయన తల్లాదేశ్ నరభక్షకి వెంట ఒంటరిగా తిరిగెను. ఆ కురుపు అడవిలోనే, ఆయన చెట్టుపై కూర్చున్నపుడే పగిలెనట.

1930 ఏప్రిల్ 11వ తేదీ నాటి చౌగఢ్ ఘట్టము తూటాల కథలో శిఖరప్రాయము. అరువదినలుగురిని చంపిన ఆ ముసలి ఆడుపులికై ఒక దున్నపోతును ఎరగా కట్టబోవుచు, కార్బెట్టు ఇద్దఱు మనుష్యులతో ఒక ఎండిన ఏటిలోనికి దిగెను. చేత తేలికైన రిగ్బీ. దారిలో ఒక పక్షి గ్రుడ్లు రెండు కనబడగా, పక్షిగ్రుడ్ల సేకరణయందు మక్కువ గలవాడు గనుక, వానిని పాచిలో చుట్టి ఎడమచేత పట్టుకొనెను. ముందు బడిపిల్లల పలకను నిలువునా నిలిపినట్లు ఒక పెద్ద రాతి బండ అడ్డముగా నుండెను. దానిని దాటి ఇసుకలో అడుగిడి, కుడివైపు తల త్రిప్పగా, ఎనిమిది అడుగుల దూరమున పులి ముఖము. అది పొంచి కూర్చుండి ఆయన వైపే చూచుచున్నది.

తుపాకి రొమ్ముకు అడ్డముగా, మఱొక దిక్కునకు ముఖము చేసి యున్నది. దానిని ముప్పాతిక వృత్తము త్రిప్పవలెను. ఎడమచేత గ్రుడ్లు. వెనుదిరిగి భుజమున కెత్తు ప్రయత్నము చేసినచో పులి ఆ కదలికకే దుముకును. ఆయన ఒంటిచేత, పిస్తోలు పట్టినట్లు, తుపాకిని అంగుళము అంగుళముగా త్రిప్పెను. పులి కన్నులనుండి తన కన్నులు తిప్పలేదు. చేయి నిండుగా చాపి, మడమ భుజమునకు ఆనకయే, మీట నొక్కెను. గుండు వెన్నెముకను తెగగొట్టి గుండెలోనికి పోయెను. పులి దుముకుటకు ఎత్తిన దేహముతో అట్లే ముందునకు ఒఱగిపోయెను.

పిమ్మట ఆయన చేసిన విచారణ గమనింపదగినది. ఎడమచేతి గ్రుడ్లు అడ్డమని ఎవరైనను తలంతురు. కాని రెండు చేతులును ఖాళీగా నున్నచో తాను సహజముగా వేగముగా తిరిగెడివాడననియు, ఆ వేగమే తన చావునకు కారణ మయ్యెడి దనియు ఆయన నిర్ణయించెను. తేలికైన తుపాకి అట్టి దగ్గఱి పోరాటమునకు చాలదని వేటగాండ్రు చెప్పుదురు. కాని పది పౌనుల జోడు తుపాకిని ఒంటిచేత ఆ విధముగా త్రిప్పుట అసాధ్యము. దొడ్డ గుండు గల తుపాకి ఆనాడు ఆయన చేత ఉండియుండినచో, దాని రెండు తూటాలును గొట్టములలోనే మిగిలిపోయెడివి. కొంతసేపటికి ఆయన తిరిగి పోయి ఆ గ్రుడ్లను తీసిన చోటనే ఉంచెను. అరగంటకు మఱల ఆ దారిని రాగా తల్లిపక్షి వానిపై కూర్చుండి యుండెను.

చౌగఢ్ కథ చదివి చిన్న తూటాయే శ్రేష్ఠమని తీర్మానించుకొనువారికి ఠాక్ కథ ఎదురు వచ్చును. 1938 నవంబరు నెలాఖరున, అరువదిమూడేండ్ల వయస్సున, నేపాల సరిహద్దు దాపున ఆయన తన చివరి నరభక్షకిని ఎదుర్కొనెను. రోజులకొలది తిరిగి, మఱునాడు వెడలిపోవలసి యుండగా, సంధ్యవేళ మగపులి వలె అఱచి ఆడుపులిని తన దగ్గఱకు పిలిచెను. బండ అంచున కాలివ్రేళ్ల మొనలతో నిలద్రొక్కుకొని, క్రింద తన మనుష్యులు నక్కి యుండగా, చీకటి మూయుటకు క్షణములే మిగిలిన వేళ పులి దగ్గఱగా తల యెత్తెను. ఇచట రెండవ అవకాశము లేదు, గడియ లాగుటకు కాలము లేదు. జోడు గొట్టముల 450/400 రెండు దెబ్బలును వెంట వెంట పేల్చెను. పులి అచటనే కూలెను. వెనుదన్నునకు కాలు తప్పి కార్బెట్టు క్రిందనున్న తన మనుష్యుల నెత్తిపై పడెను. ఆ పులి దేహమునను పాత తుపాకి గాయములు రెండు ఉండెను. భుజము మీదిది చీముపట్టి మానక యుండెను. చంపావత్‌లో మొదలైనదే ఠాక్‌లోను.

ఈ కాలమునకు ముందే ఆయన మనస్సు తుపాకినుండి మరలసాగెను. యౌవనమున వినోదమునకై వేటాడనివాడు కాడు. గొప్పవారి వేటలను నడపించినవాడు కూడ. ఆ భాగమును కప్పిపుచ్చి ఆయనను ఋషిగా చిత్రించుట న్యాయము కాదు. కాని అడవులు పలుచబడుట, తుపాకులు పెరుగుట కన్నులార చూచిన పిమ్మట చలనచిత్రపు కెమెరా చేతబట్టెను. యంత్రపు చప్పుడు పులులకు వినబడకుండుటకై ఏటినీటిని మళ్లించి సెలయేటి సవ్వడి కల్పించి, నెలలకొలది ఓపికతో ఏడు పులులను ఒకేచోట చిత్రించెను. 1936లో రామగంగా లోయలో మన దేశపు మొదటి జాతీయ వనము ఏర్పడుటలో ఆయన కృషి కలదు. హేలీ పేరిట వెలసిన ఆ వనమునకు 1957లో కార్బెట్టు పేరు పెట్టబడెను. 1973లో పులుల సంరక్షణ పథకము అచటనే ప్రారంభమాయెను.

రెండవ ప్రపంచ యుద్ధమున సైనికులకు అడవిలో బ్రదుకు విధమును నేర్పు పని ఆయనకు అప్పగించిరి. 1944లో లెఫ్టినెంట్ కర్నలు హోదాతో మధ్యపరగణాలలోని ఛింద్వారాలో శిక్షణ ఇచ్చెను. ఆ యేడే కుమావూను నరభక్షకములను గూర్చిన ఆయన తొలి ప్రసిద్ధ గ్రంథము వెలువడెను.

1947 నవంబరులో అక్కతో కూడ భారతదేశమును విడిచి కెన్యాలోని న్యేరీ పట్టణమున స్థిరపడెను. 1955 ఏప్రిల్ 19వ తేదీన అచటనే కన్నుమూసెను. రిగ్బీ తుపాకి ఆయన గ్రంథములను ప్రచురించిన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారికి చేఱి, 2015లో దానిని చేసిన సంస్థకే తిరిగి పోయెను. మఱుసటి యేట దానిని కుమావూనునకు తెచ్చి చూపిరి.

ఆయన వదలిన తుపాకులలో మఱొకటి గలదు. దానికి వెండి రేకు లేదు. కాలాధుంగి చెంత ఛోటీ హల్ద్వానీ యను పల్లెను ఆయన కొని, రైతులను నిలిపి, పంటలను అడవిపందుల నుండి కాచుటకై చుట్టును రాతిగోడ కట్టించెను. దేశము విడుచుటకు ముందు ఆ భూములను ఆ రైతులకే ఇచ్చివేసెను. వారిలో ఒకనికి తన ఒంటిగొట్టపు తుపాకిని కూడ ఇచ్చెను. ఒకమాఱు ఒక్క తూటాయే పట్టు తుపాకి అది. ఆ రైతు కుటుంబమువారు దానిని దాచుకొనిరి.